రహస్యముగా నుండవలసినది ఓటు, ప్రచారము కాదు
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ప్రజాస్వామ్యమున నొక మూలధర్మము కలదు. ఓటు రహస్యముగా వేయవలెను. ఓటడుగుట బహిరంగముగా జరుగవలెను. వేదికపై అభ్యర్థి పలికిన మాటను మిత్రులు విందురు, ప్రత్యర్థులును విందురు. అది అసత్యమైనచో మరునాడే ఖండింతురు. నేడు ప్రపంచమున నీ ధర్మము తలక్రిందగుచున్నది.

యంత్రమును నిందించుట నా యుద్దేశము కాదు. 2008వ సంవత్సరమున అమెరికాలో బరాక్ ఒబామా ఇంటర్నెట్టు మూలమున లక్షలకొలది జనుల నుండి చిన్న చిన్న చందాలు సమకూర్చుకొనెను. సామాన్యుని స్వల్పదానమునకును ఎన్నికలలో విలువ కలదని లోకమునకు తెలిసినది.

కాని ఆ సాధనమే గూఢప్రచారమునకును ఉపకరించినది. 2018లో కేంబ్రిడ్జ్ ఎనలిటికా అను సంస్థ వ్యవహారము బయటపడెను. సుమారు 8 కోట్ల 70 లక్షలమంది వివరములు అక్రమముగా దాని చేతికి పోయి యుండవచ్చునని ఫేస్‌బుక్ సంస్థయే యొప్పుకొనినది. ఒక్కొక్కరి స్వభావ మెరిగి, పిరికివానికి భయమును, కోపిష్ఠికి కోపమును వేరువేరుగా నందించుటయే ఆ విద్య. పొరుగువాని చెవిలో నేమి యూదిరో మనకు తెలియదు. తెలియని మాటకు ప్రత్యుత్తర మెవ్వరిత్తురు?

2023 సెప్టెంబరులో స్లొవేకియా దేశమున పోలింగునకు రెండు దినముల ముందు, ఒక పక్షనాయకుడు ఓట్ల కొనుగోలును గూర్చి మాటలాడినట్లు కృత్రిమ కంఠధ్వని యొకటి వ్యాపించెను. అది ప్రచారము నిషిద్ధమైన మౌనకాలము. అపనింద ఇంటింటికి పోయినది. ఖండనమునకు వ్యవధి చాలలేదు.

రుమేనియాలో 2024 నవంబరు 24వ తేదీన జరిగిన అధ్యక్ష ఎన్నిక మొదటి విడతలో, తన ప్రచారవ్యయము సున్న యని ప్రకటించిన కలీన్ జార్జెస్కు టిక్‌టాక్ ప్రచారబలముతో ప్రథమస్థానము నందెను. ఆ ప్రచారమునకు ధనమెవ్వరిదను ప్రశ్న దేశమంతట చెలరేగెను. డిసెంబరు 6వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము ఆ ఎన్నికనే రద్దుచేసినది. ప్రజలు 2025 మే నెలలో మరల ఓటు వేయవలసి వచ్చెను. రోగము ఘోరమా, చికిత్స ఘోరమా యని నేటికిని వాదములు సాగుచున్నవి.

మరి కర్తవ్యమేమి? రాజకీయ ప్రకటనకు సొమ్మిచ్చిన దెవ్వరో స్పష్టముగా తెలుపవలెనను శాసనము ఐరోపా సమాఖ్యలో 2025 అక్టోబరు 10వ తేదీ నుండి అమలునకు వచ్చినది. గూగుల్, మెటా సంస్థలు ఆ శాసనమునకు లోబడుటకు మారుగా అచ్చట రాజకీయ ప్రకటనలనే మానుకొనినవి. దీపము తెత్తుమనగానే అంగడి కట్టివేసినట్లున్నది!

కావున శాసనమొక్కటియే చాలదు. మీ ఫోనులోనికి ఒంటరిగా వచ్చిన రాజకీయవార్తను నలుగురి యెదుట నుంచి విచారింపుడు. ఎవ్వరు పంపిరి? ఎందుకు పంపిరి? ఎవ్వరి సొమ్ముతో పంపిరి? నలుగురిలో నిలువజాలని మాట మీ యోటును కోరుటకు తగదు.