త్రిపద లంఘనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలలో పురాణములను గూర్చియు, కావ్యములను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. ఆటలను గూర్చిన ఉపన్యాసము కొందరు పెద్దలకు వింతగా తోపవచ్చును. అయినను పఠన మందిరమునకు వచ్చిన యువకులు పత్రికలో మొట్టమొదట త్రిప్పునది ఆటల పుటయే గదా! ఆ పుటలో గెలిచినవాని పేరును, అతడు సాధించిన అంకెయు మాత్రమే యుండును. మూడవవాని గోడు అందు కానరాదు. 1968 అక్టోబరు మాసమున మెక్సికో నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో, పురుషుల ట్రిపుల్ జంప్ పోటీయందు, ప్రపంచ రికార్డును రెండు దినములలో రెండుసార్లు అధిగమించిన ఇటలీ యువకు డొకడు మూడవ స్థానముతో ఇంటికి మరలెను. అది యెట్లు సంభవించెనో వివరించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

ముందుగా ఈ క్రీడ యేమో తెలియవలెను. ట్రిపుల్ జంప్ అనగా మూడు అంగల దూకు. త్రిపద లంఘన మనవచ్చును. మూడడుగు లన్నంతనే మన పెద్దల మనసున త్రివిక్రముడు మెదలును. ఆయన అడుగులకు కొలబద్ద లేదు. ఈ క్రీడాకారుల అడుగులకో, కొలబద్దయే సర్వస్వము. దూకువాడు సుమారు నలుబది మీటర్లు మహావేగమున పరుగెత్తివచ్చి, నేలలో పాతిన తెల్లని పలకపై పాదము మోపి ఎగురును. ఏ కాలితో ఎగిరెనో ఆ కాలిమీదనే దిగవలెను. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆటలో కుంటుట వంటిదే ఇది. వెంటనే రెండవ అంగ వైచి రెండవ కాలిమీద దిగి, అచ్చటనుండి మూడవమారు ఎగిరి రెండు కాళ్లతో ఇసుకలో పడవలెను. కుడి, కుడి, ఎడమ. లేదా ఎడమ, ఎడమ, కుడి. ఈ వరుస తప్పినచో దూకు లెక్కకు రాదు. పలక అంచును దాటి పాదము పడినను లెక్కకు రాదు. ఆ దినములలో అంచున మెత్తని ముద్దవంటి పదార్థము పరచి యుండెడివారు. దానిపై బొటనవ్రేలి గుర్తు పడిన చాలును, నిర్ణేత ఎఱ్ఱజెండా ఎత్తెడివాడు. ఆ కాలమున మరియొక కఠిన నియమము గూడ గలదు. ఒక కాలు నేలపై నున్నపుడు వ్రేలాడు రెండవ కాలు దారిలో నేలను రాచుకొనినను ఆ దూకు చెల్లదు. 1980లో మాస్కో క్రీడలయందు ఆస్ట్రేలియా దేశస్థుడగు ఇయాన్ కాంబెల్ మిక్కిలి దూరము దూకియు, కాలు రాచుకొనెనని నిర్ణేతలు చెప్పుటచే నష్టపోయెను. తరువాత కొన్నేండ్లకు ఆ నియమమునే తొలగించిరి.

మూడు అంగలలో రెండవది అతికష్టమైనది. మొదటి ఎగురునుండి దిగునపుడు ఆ ఒంటికాలిమీద దేహభారమునకు పది రెట్లకు పైబడిన తాకిడి పడును. మోకాలు క్రుంగినచో పరుగున సంపాదించిన వేగమంతయు అచ్చటనే నేలపాలగును. ఈ విద్యలో వేగమే మూలధనము. మొదటి అంగయందే దానినంతయు వెచ్చించువాడు మూడవ అంగనాటికి దరిద్రుడగును. మూడు చోట్లను పొదుపుగా ఖర్చుచేయువాడే దూరము పోవును. బలము మాత్రమే కలవాడు ఇందు రాణింపడు.

ఇక లెక్కలోనికి వత్తము. 1960 ఆగస్టు మాసమున పోలండు దేశీయుడగు యూజెఫ్ ష్మిట్ 17.03 మీటర్లు దూకెను. పదునేడు మీటర్లు దాటిన మొదటివా డతడే. అతడు 1960లో రోమునందును, 1964లో టోక్యోనందును స్వర్ణపతకములు గెలిచిన మేటి. అతని 17.03 ఎనిమిదేండ్లు చెక్కుచెదరలేదు. ఆ ఎనిమిదేండ్ల కోట మెక్సికోలో రెండు దినములలో అయిదుసార్లు కూలినది.

స్థలమహిమను గూర్చి రెండు మాటలు. మెక్సికో నగరము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి సముద్రతీరపు గాలికంటె అయిదవ వంతునకు మించి పలుచన. దూరము పరుగెత్తువారికి ఊపిరి చాలక ప్రాణసంకట మయ్యెను గాని, క్షణములలో ముగియు పరుగులకును దూకులకును ఆ పలుచదనమే వర మయ్యెను. ఒలింపిక్ క్రీడలలో మట్టిబాటకు బదులు కృత్రిమ పదార్థపు బాట పరచుటయు అదియే ప్రథమము. వాన కురిసినను బురద యుండదు. పాదమునకు బిగువైన ఆధారము దొరకును.

అక్టోబరు 16వ తేదీన అర్హత పోటీ జరిగెను. ఇది అసలు పోటీలో ప్రవేశమునకు చీటి సంపాదించుకొనుట మాత్రమే. రోము నగరవాసి జుసెప్పె జెంతీలె ఆ దినముననే 17.10 మీటర్లు దూకెను. ష్మిట్ అంకె ఇంచుమించు బెత్తెడు వెనుకబడినది. ప్రపంచ రికార్డు జెంతీలె దయ్యెను గాని దానికి పతకము లేదు. అర్హత దినమున దూకిన దూరము మరునాటి లెక్కకు చేరదు. మొదటినాడే అంత బలమేల వెచ్చించెనని అడుగువారుందురు. ఆ ప్రశ్న చెల్లదు. పరుగును, పలకయు, మూడు అంగలును కుదిరిన దినము దూకువాని జీవితమున అరుదుగా వచ్చును. దానిని రేపటికి దాచుకొనుటకు గాదె లేదు.

మరునాడు, 17వ తేదీన, తుది పోటీ. ఆనాటి నియమము ప్రకారము మొదటి మూడు దూకుల పిదప మేలుగా దూకినవారికి మరి మూడు అవకాశములు లభించెడివి. ఆరింటిలో ఉత్తమమైన ఒక్క దూకే లెక్క. జెంతీలె తన మొదటి వంతులోనే 17.22 మీటర్లు దూకెను. నిన్నటి తన రికార్డును తానే త్రోసిపుచ్చెను. ఇక పతకము చేతిలో పడినట్లే యని తోచుట సహజము. అంతవరకు ఏ మానవుడును చేరని దూరము నది.

మూడవ వంతులో విక్టర్ సనేయెవ్ వచ్చెను. నాటి సోవియట్ రాజ్యమందలి జార్జియాలో, నల్లసముద్రతీరమున నున్న సుఖుమి పట్టణమున పుట్టినవాడు. వయస్సు ఇరువది మూడేండ్లు. అతడు దూకినది 17.23. ఒక్క సెంటిమీటరు! చిటికెన వ్రేలి వెడల్పునకు ప్రపంచ రికార్డు చేతులు మారినది. పొలముగట్టు తగవులలో ఒక జానెడుకై తరతరములు పోరాడినవారిని మన మెరుగుదుము గాని, ఇంత స్వల్పమునకు ఇంత పెద్ద ఆస్తి చేతులు మారుట అరుదు.

కథ అంతటితో ముగియలేదు. అయిదవ వంతులో బ్రెజిలు దేశీయుడు నెల్సన్ ప్రుదెన్సియో 17.27 దూకెను. ఆ దేశమున కీ విద్య క్రొత్తది గాదు. అధెమార్ ఫెరీరా ద సిల్వా 1952లోను, 1956లోను ఇదే క్రీడలో స్వర్ణపతకములు తెచ్చి యుండెను. అయినను ప్రుదెన్సియో నుండి ఇంతటి దూకును ఎదురుచూచినవారు తక్కువ. సనేయెవ్ రెండవవాడయ్యెను, జెంతీలె మూడవవాడయ్యెను. ఇక మిగిలినది ఒక్క వంతు.

ఆ ఆరవ వంతులో, తన కడపటి దూకున, సనేయెవ్ 17.39 మీటర్లు దూకెను. మన గజములలో పందొమ్మిది గజములు. ఆ దూరమెంతయో చూడగోరువారు ఒక తాడు పట్టి వీధిలో కొలిచి, ఒక కొసన నిలిచి రెండవ కొసను చూచిన తెలియును. అంత నేలను నడుమ రెండుసార్లు మాత్రమే తాకి దాటినాడు.

17.03 నుండి 17.10, అచ్చటినుండి 17.22, 17.23, 17.27, 17.39. వృద్ధి వరుసగా 7, 12, 1, 4, 12. మొత్తము 36 సెంటిమీటర్లు. ముప్పాతిక మూర కంటె కొంచె మెక్కువ. అయిదు రికార్డులలో రెండు జెంతీలెవి, రెండు సనేయెవ్‌వి, ఒకటి ప్రుదెన్సియోది. పతకములు మాత్రము స్వర్ణము సనేయెవ్‌కు, రజతము ప్రుదెన్సియోకు, కాంస్యము జెంతీలెకు.

ఈ చిట్టాలో మరియొక గడి గలదు. సామాన్యముగా ఎవరును దానిని చదువరు. అది గాలి గడి. దూకువాని వెనుకనుండి వీచు గాలి క్షణమునకు రెండు మీటర్లు మించినచో ఆ దూరము రికార్డు పుస్తకమున కెక్కదు. పోటీలో గెలుపునకు మాత్రము అభ్యంతరము లేదు. జెంతీలె రెండు రికార్డుల యెదుటను గాలి సున్న. సనేయెవ్ 17.23 యెదుట రెండు, ప్రుదెన్సియో యెదుట రెండు, సనేయెవ్ 17.39 యెదుటను రెండే. ముమ్మారును సరిగా హద్దుమీద. ఒకే అంకె మూడు వరుసలలో వచ్చినపుడు ఏ లెక్క వ్రాయువాడైనను కలమును క్షణకాల మాపును. దోషమున్నదని చెప్పుట కాధారము లేదు. నియమ ప్రకార మవి యన్నియు చెల్లినవే. కాని నిశ్చలమైన గాలిలో 17.22 దూకినవాడు తోడుగాలిలో 17.27 దూకినవానికంటె తక్కువవాడని పతకపు లోహము చెప్పుచున్నది. ఆ మాటను నమ్ముటకు మనస్సు సంకోచించును. కొలబద్ద పక్షపాతము నెరుగదు. గాలి మాత్రము తన ఇష్టమువచ్చినపుడే వీచును.

అన్యాయము జరిగినది జెంతీలె యొక్కనికే యనుకొనరాదు. నాల్గవవాడైన అమెరికా దేశీయుడు ఆర్థర్ వాకర్ 17.12 దూకెను. రెండు దినముల క్రిత మది ప్రపంచ రికార్డు కాదగిన దూరము. ఇప్పుడు పతకమునకైనను చాలలేదు. అయిదవవాడగు సోవియట్ క్రీడాకారుడు నికొలాయ్ దూద్కిన్ దూకిన 17.09 కూడ పాత రికార్డును మించినదే. ఆరవవాడు ఆస్ట్రేలియాకు చెందిన ఫిల్ మే, 17.02. ఏడవవాడెవడు? మన యూజెఫ్ ష్మిట్. ఎనిమిదేండ్లు రికార్డును పాలించిన ఆ మేటి అప్పటికి ముప్పది మూడేండ్లవాడు. అతడు దూకినది 16.89. రోములో స్వర్ణము తెచ్చిన దూకు 16.81, టోక్యోలో స్వర్ణము తెచ్చినది 16.85. రెండు స్వర్ణపు దూకులకంటెను ఎక్కువ దూకి ఏడవవాడయ్యెను! పాతబాకీ చెల్లించుటకు బయలుదేరిన రైతు పట్టణము చేరునప్పటికి వడ్డీ పెరిగి యున్నట్లున్నది ఇది.

ఇంతటి పోటీకి లోకమున దక్కిన కీర్తి యెంత? ఒక్క దినము. మరునాడు, 18వ తేదీన, అమెరికా యువకుడు బాబ్ బీమన్ లాంగ్ జంప్‌లో 8.90 మీటర్లు దూకి పాత రికార్డును ఒక్కసారిగా 55 సెంటిమీటర్లు ముందునకు నెట్టెను. పత్రికలన్నియు బీమన్ వైపు తిరిగినవి. ముగ్గురు కలిసి అయిదు విడతలుగా గడించిన 36 సెంటిమీటర్లను తలచుకొనువారు కరవైరి.

జెంతీలెకు మరుసటి యేట విచిత్రమైన పని దొరికినది. ఇటలీ దర్శకుడు పసోలినీ గ్రీకు గాథ ననుసరించి 1969లో 'మెదేయా' యను చలనచిత్రమును తీసెను. ప్రఖ్యాత గాయని మరియా కలాస్ అందు నాయిక. నాయకుడగు జేసను వేషము జెంతీలెది. గ్రీకుల గాథలో జేసనను వీరుడు బంగారు ఉన్ని గల పొట్టేటిచర్మమును సాధించుటకు ఓడనెక్కి కోల్కిస్ దేశమునకు పోవును. ఆ కోల్కిస్ ఎచ్చటిది? నల్లసముద్రపు తూర్పుతీరము, నేటి జార్జియా ప్రాంతము, సనేయెవ్ పుట్టిన సుఖుమి ఆ తీరముననే యున్నది. గాథలో జేసను కోల్కిస్ బంగారమును కొనిపోయెను. మెక్సికోలో మాత్రము కోల్కిస్ తీరపువాడే బంగారమును తన ఇంటికి కొనిపోయినాడు.

సనేయెవ్ గెలుపు గాలివాటపు గెలుపు గాదని తరువాతి యేండ్లు నిరూపించినవి. 1972లో మ్యూనిక్‌లోను, 1976లో మాంట్రియల్‌లోను స్వర్ణము లతనివే. 1980లో మాస్కోలో, ముప్పది నాలుగేండ్ల వయస్సున, మూడవ స్థానమున నుండి తన కడపటి దూకున 17.24 సాధించి రజతమును గైకొనెను. కడపటి వంతువరకు ఇతనిని ఓడిపోయినట్లు లెక్కించుట పొరపాటని ప్రత్యర్థులు మెక్సికోలోనే నేర్చుకొనవలసినది. తరువాత ఆస్ట్రేలియాకు తరలిపోయి, 2022 జనవరిలో సిడ్నీ నగరమున కాలధర్మము నొందెను. ప్రుదెన్సియో 1972లో కాంస్యము గెలిచి, 2012లో గతించెను. రికార్డు మాత్రము ఎవరియొద్దను నిలువక చేతులు మారుచు, 1995లో స్వీడనునందలి గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీలలో ఇంగ్లండు దేశీయుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ దూకిన 18.29 మీటర్లకు చేరినది.

మన దేశపు మాట యొకటి మిగిలి యున్నది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో కేరళ యువకుడు ఎల్దోస్ పాల్ స్వర్ణము గెలిచెను. అతడు దూకిన దెంత? 17.03. ష్మిట్ ఎనిమిదేండ్లు పాలించిన అంకెయే. రెండవవాడును కేరళ యువకుడే, అబ్దుల్లా అబూబకర్, 17.02, మెక్సికోలో ఫిల్ మే దూకినదే. ఇచ్చటను తేడా ఒక్క సెంటిమీటరు. నాల్గవవాడు తమిళనాటి ప్రవీణ్ చిత్రవేల్, 16.89, ఏడవవాడైన ష్మిట్ అంకె. మూడు సెంటిమీటర్లలో అతనికి కాంస్యము తప్పిపోయెను. మరుసటి యేట, 2023లో, క్యూబా రాజధాని హవానాలో ప్రవీణ్ మరల పలకమీద కాలు మోపి 17.37 దూకి భారతదేశపు రికార్డు నెలకొల్పెను. సనేయెవ్ కడపటి దూకునకు అది రెండు సెంటిమీటర్లు తక్కువ.