మీ రెండో కాలు ఎంత బలంగా ఉంది? ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఇంట్లోనే చేసుకోగలిగే టెస్ట్

ఈ రోజు టాపిక్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ కోసం. ముఖ్యంగా "దెబ్బ తగిలితే ఎప్పుడూ ఒకే కాలికి తగుల్తుందేంటి?" అని అనుకునేవాళ్ళ కోసం.

ముందు ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి నిలబడండి. కుడి కాలు మీద ఒక్కసారి, ఎడమ కాలు మీద ఒక్కసారి, కళ్ళు మూసుకుని నిలబడి చూడండి. పక్కన గోడ ఉండాలి, పడిపోవద్దు. ఏ కాలు మీద ముందు తూలారు? గుర్తు పెట్టుకోండి, దాని గురించే మాట్లాడుకుందాం.

నేను రోజూ సాయంత్రం తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి నడిచి వెళ్తా. గ్రౌండ్‌లో పిల్లలు ఆడుతుంటే చూస్తుంటా. బాల్ ఎడమ వైపు వచ్చిందనుకోండి, చాలామంది ఏం చేస్తారు? రెండు అడుగులు చుట్టూ తిరిగి, బాల్‌ని కుడి కాలికి తెచ్చుకుని అప్పుడు తంతారు. ఆ లోపు డిఫెండర్ వచ్చేస్తాడు. ఇది మన దగ్గరే కాదు. 1998 ఫ్రాన్స్ వరల్డ్ కప్ మ్యాచ్‌లని పరిశోధకులు కూర్చుని లెక్కపెట్టారు. అంత పెద్ద ఆటగాళ్ళు కూడా ఎక్కువసార్లు తమకి అలవాటైన కాలే వాడారు. తమాషా ఏంటంటే, రెండో కాలు వాడిన ఆ కొద్దిసార్లూ పని బాగానే చేసింది. అంటే కాలు చేతకానిది కాదు, మనం దానికి పని ఇవ్వట్లేదు.

ఈ విషయం మన హైదరాబాద్‌లో ఒకాయనకి డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటే తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అంటారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన గురించే. ఉస్మానియాలో చదివారు, టీచర్‌గా పని చేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన ఇక్కడ కుర్రాళ్ళకి ఒక వింత టోర్నమెంట్ పెట్టేవారు: అలవాటు లేని కాలితోనే ఆడాలి. మెషీన్లు లేవు, ల్యాబ్ లేదు, రూల్ ఒక్కటి మార్చారు అంతే.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు కుడి కాలితో తన్నేటప్పుడు ఎడమ కాలు ఏం చేస్తోంది? ఖాళీగా ఏం లేదు. ఒళ్ళు మొత్తం బరువు దాని మీదే ఉంది. చీలమండ, మోకాలు, తుంటి, మూడింటినీ కదలకుండా పట్టుకుని నిలబడింది. అంటే ఒక కాలు విసిరే కాలు, ఇంకోటి మోసే కాలు. ఏళ్ళ తరబడి ఇలాగే ఆడితే రెండూ రెండు రకాలుగా తయారవుతాయి. కాబట్టి కొంచెం తేడా ఉండటం జబ్బు కాదు. కంగారు పడొద్దు.

ఇంకో మాట. బలం వేరు, బ్యాలెన్స్ వేరు. ఒక కాలు బలంగా ఉన్నంత మాత్రాన దాని మీద బాగా నిలబడగలరని గ్యారంటీ లేదు. అందుకే రెండూ విడివిడిగా చూసుకోవాలి.

మరి తేడా ఎప్పుడు ప్రమాదం? 2008లో వచ్చిన ఒక స్టడీ చెప్తా. 462 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ తొడ కండరాల బలాన్ని సీజన్‌కి ముందే మెషీన్ మీద కొలిచి, తర్వాత సీజన్ అంతా గమనించారు. బలంలో తేడాలు ఉండి, సరిచేసుకోకుండా ఆడినవాళ్ళకి, తేడా లేనివాళ్ళ కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ రిస్క్ కనిపించింది. దేనికి? తొడ వెనక కండరం, అదే హ్యామ్‌స్ట్రింగ్ పట్టేయడానికి, చిరగడానికి. ముందుగా ఎక్సర్‌సైజ్ చేసి తేడా పోగొట్టుకున్నవాళ్ళలో రిస్క్ దాదాపు మామూలు స్థాయికి వచ్చేసింది. మంచి వార్త అదే.

అమ్మాయిలు కూడా వింటున్నారు కదా, మీకో మాట. 2010లో ఒక చిన్న స్టడీ వచ్చింది. ఎవరూ గుద్దకుండానే మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళని చూస్తే, అబ్బాయిల్లో నాలుగింట మూడు వంతుల మందికి తన్నే కాలికే తెగింది. అమ్మాయిల్లో మూడింట రెండు వంతుల మందికి మోసే కాలికి తెగింది. కాబట్టి అమ్మాయిలు ఆ నిలబడే కాలిని అస్సలు వదిలేయొద్దు.

ఇప్పుడు టెస్ట్. టేప్ ఒకటి చాలు. ముందు బాగా వార్మప్ అవ్వండి.

మొదటిది, ఒంటికాలి గెంతు. మన తొక్కుడుబిళ్ళ లాంటిదే. ఒక కాలి మీద నిలబడి, ముందుకు గెంతి, అదే కాలి మీద తూలకుండా ఆగాలి. ఒక్కో కాలికి మూడు ఛాన్సులు, ఎక్కువ దూరం రాసుకోండి. తక్కువ దూరాన్ని ఎక్కువ దూరంతో భాగించి, వందతో గుణించండి. కుడి 160 సెంటీమీటర్లు, ఎడమ 140 అనుకోండి, 87.5 శాతం వస్తుంది. 90 దాటితే సాధారణంగా ఓకే అంటారు. దాని కంటే తక్కువైతే ఆ కాలికి పని పెట్టాలి.

రెండోది బ్యాలెన్స్. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి వేలితో ముందుకి ఎంత దూరం అందుకోగలరో కొలవండి. నిలబడిన మడమ లేవకూడదు. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ మీద 2006లో చేసిన స్టడీలో, రెండు కాళ్ళ మధ్య 4 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉన్నవాళ్ళకి కాలి గాయాలయ్యే అవకాశం రెండున్నర రెట్లు కనిపించింది. అయితే తర్వాత వచ్చిన స్టడీలు అన్నీ దీంతో ఏకీభవించలేదు. కాబట్టి దీన్ని జాతకంలా చూడొద్దు. ఒక సిగ్నల్‌లా చూడండి.

పాత దెబ్బ ఉంటే మాత్రం ఈ సిగ్నల్‌ని సీరియస్‌గా తీసుకోండి. మా గ్రౌండ్‌లో ఒక తమ్ముడు, డిగ్రీ సెకండ్ ఇయర్, తార్నాకలో రూమ్‌లో ఉంటాడు. చీలమండ బెణికింది. మూడు వారాలకి నొప్పి పోయింది. వారంలో సెలక్షన్స్. "అన్నా, నొప్పే లేదు కదా, ఆడేస్తా" అన్నాడు. గెంతించి చూశాం. మంచి కాలు 152, దెబ్బ తగిలిన కాలు 118. అంటే 78 శాతం కూడా లేదు. నొప్పి పోయింది కానీ బలం రాలేదు, కాలికి నేల మీద పట్టు రాలేదు. ఆగమన్నాను. ఆగాడు, సెలక్షన్ పోయింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. కానీ ఏసీఎల్ తెగితే ఆపరేషన్, కనీసం తొమ్మిది నెలలు ఆటకి దూరం. రూమ్ రెంట్‌కే లెక్కలు వేసుకునే ఇంట్లో ఆ ఖర్చు ఎవరు పెడతారు? నా లెక్క అది.

ఇక ఎక్సర్‌సైజులు. జిమ్ అక్కర్లేదు.

ఒకటి, వెనక కాలు మంచం మీదో గట్టు మీదో పెట్టి, ముందు కాలి మీద గుంజీ. రెండు, ఒంటికాలి మీద నిలబడి, నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వంగి లేవడం. ఈ రెండూ బలహీనమైన కాలితో మొదలుపెట్టండి, అది ఎన్ని చేసిందో బలమైన కాలూ అన్నే చేయాలి, ఎక్కువ వద్దు.

మూడు, నార్డిక్. మోకాళ్ళ మీద నిలబడండి, ఫ్రెండ్ మీ మడమలు గట్టిగా పట్టుకోవాలి. ఒళ్ళు కర్రలా ఉంచి, మెల్లగా ముందుకి వాలండి, చివర్లో చేతులు ఆనించండి. 2019లో పదిహేను స్టడీలు కలిపి చూస్తే, ఇది చేసిన టీముల్లో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి వారం ఐదు చాలు, లేకపోతే మర్నాడు మెట్లు దిగలేరు.

నాలుగు, రహీం సాబ్ పద్ధతి. రోజూ గోడకి యాభై పాసులు, రాని కాలితో మాత్రమే. వారానికి ఒక రోజు మీ గ్యాంగ్ అంతా పది నిమిషాల మ్యాచ్ ఆ కాలితోనే ఆడండి. నవ్వుకుంటారు, కానీ నెల తర్వాత తేడా మీకే తెలుస్తుంది.

ఆరు వారాలు చేసి మళ్ళీ టేప్ పట్టండి. మోకాలు వాచినా, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టు అనిపించినా ఈ టెస్టులు మానేసి డాక్టర్‌నో ఫిజియోనో కలవండి.

మీ రెండు నంబర్లు, మీరు ఏ కాలితో తంతారో కామెంట్‌లో రాయండి. నేను చదువుతా, వీలైనంత మందికి రిప్లై ఇస్తా. ఉంటా మరి, గ్రౌండ్‌లో కలుద్దాం.