మొక్కజొన్న విత్తే యంత్రం - నేలకు తగిన ఒత్తిడి



వరిలో ఒక కుదురు పోతే పక్క కుదుళ్ళు పిలకలు వేసి ఆ వెలితిని కొంత పూడుస్తాయి. మొక్కజొన్న అట్లా కాదు. గింజ మొలవని చోటు కోత దాకా ఖాళీయే. నాలుగు రోజులు ఆలస్యంగా మొలిచిన మొక్క పక్కవాటి నీడలో పడి, ఎరువు తిని కూడా సరైన కండె వేయలేదు. 60 సెంటీమీటర్ల సాళ్ళలో 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎకరానికి సుమారు 33,000 మొక్కలుండవలె. అవన్నీ ఒకే లోతున పడి ఒకేసారి మొలవవలె. అందుకు ట్రాక్టరుకు కట్టే విత్తే యంత్రంలో ఒత్తిడి ఎట్లా సవరించుకోవాలో ఈనాడు ముచ్చటించుకుందాం.

గొర్రుతో విత్తేటప్పుడు నేల గట్టిగా తగిలితే మనిషి చేత్తో అదిమి పట్టేవాడు, మెత్తగా ఉంటే తేలికగా పట్టేవాడు. యంత్రంలో ఆ పని స్ప్రింగు చేస్తుంది. సాలు సాలుకూ విడిగా ఆడే భాగాలున్న యంత్రాన్ని చూడండి. చాలు తీసే బిళ్ళలు, వాటి పక్కన లోతు చక్రాలు, వెనుక మట్టిని అదిమే చక్రాలు ఉంటాయి. పైనుంచి పడే బరువులో కొంత బిళ్ళలు నేలను కోయడానికి సరిపోతుంది. మిగిలినది లోతు చక్రాల మీద పడుతుంది. ఆ మిగులు కొద్దిగా ఉండవలె. అసలు లేకున్నా చెరుపే, మితిమీరినా చెరుపే.

ఒత్తిడి చాలకపోతే చక్రాలు నేలనుంచి లేస్తాయి. గింజ పైపైన పడి ఎండుతుంది, లేదా పక్షుల పాలవుతుంది. లోతు చాలలేదని కొందరు లోతు మీట మారుస్తారు. చక్రం నేలకు ఆననప్పుడు మీట ఎంత మార్చినా ప్రయోజనం లేదు. ముందు ఒత్తిడి చూడవలె, తరువాత లోతు.

ఒత్తిడి ఎక్కువైతే కలిగే నష్టం వెంటనే కనబడదు. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిని దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు కదా. అది దమ్ము చేసిన బంకనేల. తడి ఆరకముందే గట్టిగా అదిమి విత్తితే చాలు గోడలు పూత పూసినట్లు నున్నగా బిగుస్తాయి. వేళ్ళు పక్కలకు చొరలేక చాలు వెంబడే పోతాయి. నేల ఆరినకొద్దీ చాలు నోరు తెరుచుకుంటుంది. కాబట్టి విత్తనం పడే లోతునుంచి పిడికెడు మట్టి తీసి పిసకండి. వేళ్ళకు అంటుకుని సాగితే ఒకటి రెండు రోజులు ఆగండి. పదును వచ్చాక విత్తండి.

బాగా దున్నిన ఎర్ర చెలకలో తక్కువ ఒత్తిడి చాలు. ఎక్కువ పెడితే చక్రాలే కుంగి గింజ లోతున పడుతుంది. ఎండి గట్టిపడిన నేలలో ఒత్తిడి పెంచక తప్పదు.

సవరించే పద్ధతి ఇది. పెట్టెలో విత్తనం పోసి, పనిచేసే వేగంతోనే ముప్పై అడుగులు నడిపించండి. యంత్రాన్ని పైకి ఎత్తకుండా ఆపి, ఇంజను ఆపాకే దగ్గరకు పోండి. లోతు చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. కొంచెం బిగువుగా తిరిగితే సరిగా ఉన్నట్లు. వదులుగా తిరిగితే స్ప్రింగు ఒక గంటు బిగించండి. ఎంత తిప్పినా కదలకపోతే ఒక గంటు తగ్గించండి. తరువాత ప్రతి సాలులో అయిదు చోట్ల మట్టి తీసి గింజ లోతు కొలవండి. 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉండవలె. ట్రాక్టరు చక్రం తొక్కిన జాడలో నడిచే సాలుకు మిగతావాటికన్నా ఎక్కువ ఒత్తిడి కావలసి వస్తుంది.

యంత్రం ఎగిరెగిరి పడుతుంటే ముందు వేగం తగ్గించి చూడండి. పెట్టె ఖాళీ అయినకొద్దీ బరువు తగ్గుతుంది గనుక మధ్యలో మళ్ళీ కొలవండి. చేను మారితే మొదటినుంచి చూసుకోవలసిందే.

యంత్రాన్ని బాడుగకు తెచ్చుకునేవారికి ఒక మాట. నడిపేవానిది ఎకరాల లెక్క, మీది పంట లెక్క. మొదటి సాళ్ళ దగ్గర పావుగంట ఆపమని అడగడానికి మొగమాటపడకండి. గ్రామాల్లో పనిచేసే వ్యవసాయ సిబ్బంది ప్రదర్శనకు వెళ్ళేటప్పుడు ఒక తవ్వుగోల, ఒక కొలబద్ద వెంట తీసుకుపోవలెనని మనవి. మట్టి తీసి గింజను చూపిస్తే రైతుకు వేరే ఉపన్యాసం అక్కరలేదు.