విటమిన్ డి తక్కువైతే పిల్లలు పుట్టరా?

(కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో జరిగిన తెలుగు స్త్రీల, యువజనుల కూడికలో మా ఆరోగ్య బృందం చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లు లేచి వెళ్లిపోకండి. ఇది ఆడవాళ్ల విషయం అనుకుని మీరు బయటికి వెళ్తే మేము చెప్పాలనుకున్నదాంట్లో సగం మీతోపాటే వెళ్లిపోతుంది.

మేము ముగ్గురం నర్సులం. మన కాలనీల్లో తిరుగుతుంటే, పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్న చెల్లెళ్లు తమ రిపోర్టులు తెచ్చి మా చేతుల్లో పెడుతుంటారు. వాటిలో ఒక మాట తరచుగా కనిపిస్తోంది: విటమిన్ డి తక్కువ. వాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే. "దీనివల్లేనా సిస్టర్, నాకు కడుపు నిలవడం లేదు?"

ఒక చెల్లి సంగతి చెబుతాం. చెప్పమని తనే అంది, పేరు మాత్రం వద్దంది. పెళ్లయి ఎనిమిదేళ్లు, వయసు ముప్పై నాలుగు. ఒక క్లినిక్‌లో రక్తపరీక్ష చేస్తే విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు ఉంది. ఇరవైకి తక్కువ ఉంటే లోపం అంటారు కాబట్టి ఆ మాట నిజమే. ముందు ఇది సరిచేద్దాం, ఆ తర్వాతే మిగతావి అన్నారట. పొడి పొట్లాలు, మళ్లీ పరీక్ష, మళ్లీ పొట్లాలు. ఎనిమిది నెలలు గడిచాయి. ఇంట్లో అత్తగారు, వీధిలో నలుగురూ కలిసి తీర్పు చెప్పేశారు: "దానికి ఒంట్లో సత్తువ లేదు." ఆ ఎనిమిది నెలల్లో ఆమె భర్తకు వీర్య పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. చివరికి చేయిస్తే కణాల సంఖ్య చాలా తక్కువని తేలింది.

ముప్పై అయిదు దగ్గరపడుతున్న మనిషికి ఎనిమిది నెలలంటే చిన్న సంగతి కాదు. అండాల సంఖ్య, నాణ్యత తగ్గుతూ వచ్చే వయసు అది. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు.

హన్నా కథ మీకు మేము చెప్పనక్కర లేదు. పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తున్న ఆమెను చూసి ఏలీ అంతటి యాజకుడు తాగి ఉందనుకున్నాడు. నిజం తెలిశాక మాట మార్చుకున్నాడు, అంతవరకు ఆయన మంచివాడే. మన వీధుల్లో మాట మార్చుకున్నవాళ్లను మేము ఇంకా చూడలేదు.

సరే, అసలు విషయానికి వద్దాం. విటమిన్ డి మనకు ఎక్కువగా వచ్చేది ఎండ నుంచి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం చర్మానికి తగిలితే శరీరం దాన్ని తయారు చేసుకుంటుంది. గాజు అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. బస్సు కిటికీ పక్కన కూర్చుంటే చెమట పడుతుంది, విటమిన్ రాదు. మన అమ్మమ్మలు పిల్లల్ని కూర్చోబెట్టే పొద్దుటి లేత ఎండ ఒంటికి హాయిగానే ఉంటుంది, కానీ అందులో ఆ కిరణాలు చాలా తక్కువ. పదకొండు నుంచి రెండు మధ్య ఎండలో అవి బాగా ఉంటాయి.

ఆ వేళకి మనం ఎక్కడుంటున్నాం? మన తాతలు చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున పనిచేశారు. షిఫ్టు అయి పైకొచ్చాకే వాళ్లకు ఎండ. 2001లో గనులు మూతపడ్డాయి. ఇప్పుడు వాళ్ల మనవరాళ్లు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుతున్నారు. పగలంతా ట్యూబులైట్ల కింద మిషన్ కుట్టి, చీకటి పడ్డాక ఇక్కడ దిగుతున్నారు. ఆదివారం ఒక్కటే మిగులుతుంది. ఆ రోజు ఆరాధన, వంట, వారం బట్టలు. మరి వీళ్లలో విటమిన్ డి తక్కువ కాకపోతే ఆశ్చర్యపోవాలి. రిపోర్టులో ఆ అంకె చూసి సిగ్గుపడే చెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే: మీ పని గంటలే ఆ అంకెలో కనబడుతున్నాయి. భోజన విరామంలో ఓ పావుగంట బయట నిలబడనిచ్చే సూపర్‌వైజరు ఉంటే ఎంతో మేలు. అది అడగడానికి యూనియన్ కావాలి, డాక్టరు చాలడు.

విటమిన్ డికీ గర్భధారణకీ అసలు సంబంధమే లేదా అంటే, అలా అనడం లేదు. దీన్ని అందుకునే గ్రాహకాలు అండాశయంలో ఉన్నాయి, గర్భాశయపు లోపలి పొరలో ఉన్నాయి. శాస్త్రవేత్తలకు ఆసక్తి కలిగింది అందుకే. టెస్ట్ ట్యూబ్ పద్ధతి, అంటే ఐవీఎఫ్ లాంటి చికిత్సలు చేయించుకున్న 2,700 మంది స్త్రీల వివరాలున్న 11 అధ్యయనాలను బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకచోట చేర్చి చూశారు. రక్తంలో విటమిన్ డి తగినంత ఉన్నవాళ్లకు బిడ్డ పుట్టే అవకాశం కొంత ఎక్కువగా కనిపించింది. 2017లో ఆ వార్త పత్రికల్లో బాగా తిరిగింది. మాత్రలు వేస్తే ఫలితం మారుతుందని దీన్నిబట్టి అనలేం అని ఆ పరిశోధకులే హెచ్చరించారు. ఆ మాట మాత్రం అంతగా తిరగలేదు.

ఎందుకు అనలేమో చూడండి. వీధిలో గొడుగులు ఎక్కువగా కనిపించిన రోజున వాన పడుతుంది. అంతమాత్రాన గొడుగులు వాన తెచ్చాయా? బరువు ఎక్కువగా ఉన్నవాళ్లకు రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉంటుంది. ఐవీఎఫ్‌లో ఫలితమూ తక్కువగానే ఉంటుంది. రెండిటి వెనకా ఉన్నది బరువే కావచ్చు. దీన్ని తేల్చాలంటే ఒకే రకం స్త్రీలను తీసుకుని, చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మందు, రెండో భాగానికి ఉత్తి మందులాంటిది ఇచ్చి చూడాలి.

ఇటలీలో అదే చేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. విటమిన్ డి 30 నానోగ్రాముల కంటే తక్కువగా ఉన్న 630 మంది స్త్రీలు. ఒక భాగానికి ఐవీఎఫ్‌కు ముందు ఒకేసారి ఆరు లక్షల యూనిట్లు తాగించారు. మన దగ్గర వారానికొకటి ఇచ్చే అరవై వేల యూనిట్ల పొట్లాలు పది, ఒక్క మోతాదులో. రక్తంలో విటమిన్ పెరిగింది. గర్భం మాత్రం మందు తీసుకున్నవాళ్లలో నూటికి 37 మందికి, తీసుకోనివాళ్లలో నూటికి 40 మందికి వచ్చింది. ఆ మూడు తేడాకి అర్థం వెతకనక్కర లేదు, లెక్కల ప్రకారం రెండూ ఒకటే. వీళ్లంతా నలభై లోపు వయసువాళ్లు, బరువు సరిగా ఉన్నవాళ్లు. కాబట్టి లోకంలోని ప్రతి స్త్రీకీ ఇదే ఆఖరి మాట అని మేము అనం. కానీ "ఈ పొట్లం తాగితే ఐవీఎఫ్ సక్సెస్ అవుతుంది" అని ఎవరన్నా అంటే, ఆ మాటకు ఇక్కడ ఆధారం దొరకలేదు.

అలాగని లోపాన్ని వదిలేయమనడం లేదు. ఎముకల కోసం, కండరాల కోసం సరిచేసుకోండి. డాక్టరు వారానికొకటి అంటే వారానికొకటే. రోజుకొకటి అని పొరపడి తాగినవాళ్లను చూశాం. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలకు చేటు. రోజువారీ అవసరం మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్కన 600 యూనిట్లు. గుడ్డు పచ్చసొనలో, కొవ్వున్న చేపల్లో కొంత ఉంటుంది. పాల ప్యాకెట్టు మీద, నూనె ప్యాకెట్టు మీద ప్లస్ గుర్తుతో ఎఫ్ అక్షరం ఉంటే విటమిన్లు కలిపారని అర్థం. లోపం సరయ్యేదాకా మిగతా పరీక్షలన్నీ ఆపుతామంటే మాత్రం ఎందుకని అడగండి.

పిల్లలు కావాలనుకునేవాళ్లు తప్పకుండా వేసుకోవాల్సిన విటమిన్ ఒకటుంది. ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధక బృందమే 1945లో దాన్ని తయారు చేసి చూపింది. బిడ్డ వెన్నుపాము మూసుకోవడం గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే జరిగిపోతుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిందనే తెలియదు. అందుకే ముందునుంచే వేసుకోవాలి. ఇదీ చీటీ వేసి పరీక్షించిందే. అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లుల్లో, అది మళ్లీ జరిగే ప్రమాదం 72 శాతం తగ్గిందని 1991లో తేలింది. పరీక్షకు నిలబడిన మందు ఇది, చవక కూడా. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. అలాంటి బిడ్డ ఇదివరకే పుట్టి ఉంటే మోతాదు వేరుగా ఉంటుంది, డాక్టరుకు ముందే చెప్పండి.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని చూస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆరుగురు స్త్రీలలో అనలేదు, ఆరుగురు మనుషుల్లో అంది. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. భర్తకు వీర్య పరీక్ష మొదట్లోనే చేయించాలి, అన్నిటికంటే తేలికైన పరీక్ష అదే. భార్యకు అండం విడుదలవుతోందా, ట్యూబులు తెరిచి ఉన్నాయా చూడాలి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ ఒక కారణం. దగ్గు లేకుండా, జ్వరం లేకుండా గర్భాశయంలో దాగి ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే అది డాక్టరుకు చెప్పండి, దాచకండి. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది.

ఐవీఎఫ్‌కే వెళ్లాల్సి వస్తే, ఒక్క విడతకే లక్షకు పైన అవుతుంది. చీటీ పాట ఎత్తి, నగలు తాకట్టు పెట్టి వెళ్తున్నారు. 2021 నాటి చట్టం ప్రకారం ఆ క్లినిక్ రిజిస్టరై ఉండాలి. చికిత్సలో ఏముంటుందో, ఫలించే అవకాశం ఎంతో మీకు విడమరచి చెప్పాలి. "మా వయసువాళ్లకు నూటికి ఎంతమందికి బిడ్డ పుట్టింది?" అని నోరు తెరిచి అడగండి. గర్భం వచ్చిన లెక్క చెబితే, బిడ్డ పుట్టిన లెక్క అడగండి. ఆ రెండూ వేరు.

ఆ చెల్లి ఇప్పుడు భర్తతో కలిసి వైద్యం చేయించుకుంటోంది. విటమిన్ డి పొట్లాలు కూడా తాగుతోంది, మోకాళ్ల నొప్పి తగ్గిందంటోంది. ఫలితం ఇంకా తెలియదు.

కూడిక అయ్యాక మేము పక్క గదిలో సాయంత్రం ఆరుదాకా ఉంటాం. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు రండి. పోయినసారి పదకొండు మంది వచ్చారు, వాళ్లలో మగవాళ్లు ఇద్దరే. ఈసారి గదిలో కుర్చీలు జంటలుగా వేసి ఉంచాం.