పరీక్షకు పెట్టింది ఎవరి చర్మం?
(విజయవాడలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చర్మం గురించి మాట్లాడతానంటే సబ్బుల కంపెనీ మీటింగా అని కొందరు నవ్వారు. దివిసీమ నుంచి, గుడివాడ వైపు నుంచి వచ్చిన అక్కలు మాత్రం నవ్వలేదు. సార్వా నాట్లంటే రోజంతా బురద నీళ్ళలో నిలబడటం. నాలుగు రోజులు తిరిగేసరికి కాలివేళ్ళ సందుల్లో చర్మం నాని తెల్లబడుతుంది, పగుళ్ళు పుళ్ళవుతాయి.

ఇప్పుడు మన పొలాల్లోకి నానో ఎరువులొచ్చాయి. ఇఫ్కో వారి నానో యూరియా 2021లో, నానో డి.ఏ.పి. 2023లో వచ్చాయి. బస్తాకి బదులు అర లీటరు సీసా, నీళ్ళలో కలిపి ఆకుల మీద కొట్టాలి. మీటరులో వంద కోట్లవ వంతు నానోమీటరు. ఈ యూరియా కణాలు 20 నుంచి 50 నానోమీటర్లని తయారీదారులే చెబుతున్నారు. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చి ఈ ఎరువులు కొట్టించాలని 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అంటే సీసా మూత తీసే చెయ్యి మనదే.

ఇది విషమని చెప్పడానికి నేను రాలేదు. ఎండకు రాసుకునే క్రీముల్లోని జింక్, టైటానియం నానో కణాలు ఆరోగ్యమైన చర్మం దాటి లోపలికి పెద్దగా పోవని చాలా పరిశోధనల్లో తేలింది. నా పేచీ అంతా ఆ ‘ఆరోగ్యమైన’ అన్న మాటతోనే.

పూర్వం ఇలాంటి పరీక్షలు కుందేళ్ళ వీపు గొరిగి చేసేవారు. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన మనిషి చర్మం ఉంది. ఆపరేషన్లలో తీసేసిన చర్మం నుంచి, ఇచ్చినవారి అనుమతితో, కణాలు తీసి పల్చని పొర మీద పెంచుతారు. పైభాగాన్ని గాలికి వదిలితే మన చర్మంలాగే పొరలు కట్టి, పైన గట్టిపడుతుంది. ముక్క అర చదరపు సెంటీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. ఎపిస్కిన్, ఎపిడెర్మ్ అని అమ్ముతారు. ఓ.ఇ.సి.డి. 2010లో ఆమోదించిన పద్ధతిలో మందును దాని మీద కొద్దిసేపు, మహా అయితే గంట ఉంచి కడిగేస్తారు. 42 గంటల తర్వాత ఒక పసుపు రంగు వేస్తారు; బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. సగానికి మించి బతకకపోతే ఆ పదార్థం చర్మానికి చెరుపు చేసేదని లెక్క. కొన్ని నానో కణాలు తామే ఆ రంగుతో కలిసి లెక్క తప్పిస్తాయి కాబట్టి దాన్ని విడిగా సరిచూడాలి.

మంచి పద్ధతే. మూగజీవాల బాధ తప్పింది. కాని ఆ చర్మానికి చెమట పట్టదు, వెంట్రుక కుదుళ్ళుండవు, కొడవలి గాట్లుండవు. గంటలో కడిగేస్తారు. మన తడిసిన చీర పొద్దుగూకేదాకా ఒంటికే అంటుకుని ఉంటుంది, మర్నాడు మళ్ళీ అంతే. మందు కొట్టొచ్చిన మగవాళ్ళ బట్టలు ఉతికేదీ మనమేగా! టేపు అంటించి పైపొర ఊడదీసి, దెబ్బతిన్న చర్మం మీద చూసే పద్ధతులూ ఉన్నాయి. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు.

బయోటెక్నాలజీ శాఖ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్షించామని ఇఫ్కో అంటోంది. కొట్టేటప్పుడు మాస్కు, చేతితొడుగులు వాడమనీ అంటోంది. కూలికొచ్చిన మనిషికి ఆ తొడుగులెవరిస్తారు? కూలిలో కోసుకుంటారా?

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కేంద్ర వ్యవసాయ శాఖను అడుగుదాం. చర్మం మీద ఏ పరీక్ష చేశారు? నానిన, పగిలిన చర్మం మీద చేశారా? రోజూ తగిలితే ఏమవుతుందో చూశారా? ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే రాసిపెట్టాల్సిన బాధ్యత ఆ అధికారిదేనని చట్టంలోనే ఉంది. అయినా ఆయన కోసం ఎదురుచూడటం ఎందుకు, దరఖాస్తు నమూనాలు ఆ బల్ల మీదున్నాయి. భోజనాలకి లేచేలోగా రాసేద్దాం.