ముడిచమురును విడదీయు విధము
(గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన యిండ్లకు వచ్చు వంటగ్యాసు, మోటారు సైకిలునకు పోయు పెట్రోలు, దీపపు బుడ్డిలోని కిరసనాయిలు, ట్రాక్టరును నడుపు డీజిలు, బాటపై పఱచు తారు, ఇవి యన్నియు ఒకే నల్లని ముడిచమురు నుండి వచ్చినవే. దానిని ఎట్లు విడదీయుదురో, విడదీసినవానిని మరల కలిపినచో ఏమి ముప్పు వాటిల్లునో మనవి చేయదలచితిని.

ఉప్పునీటిని కాచి ఆవిరిని చల్లార్చినచో మంచినీరు లభించును. ఉప్పు పాత్ర యడుగున మిగులును. దీనికి స్వేదనమని పేరు. ఉప్పు ఆవిరి కాదు గనుక ఇచ్చట చిక్కు లేదు. కలిసిన రెండును ఆవిరి యగు ద్రవములైనపుడే చిక్కు వచ్చును. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. ఆల్కహాలు సుమారు 78 డిగ్రీల వద్దనే మరుగును. అయినను ఈ రెంటి మిశ్రమమును కాచినపుడు ముందు ఆల్కహాలంతయు, పిదప నీరంతయు వరుసగా రావు. రెండావిరులును కలిసియే లేచును. ఆ యావిరిలో ఆల్కహాలు పాలు మాత్రము హెచ్చుగా నుండును. దానిని చల్లార్చి మరల కాచిన ఇంకను హెచ్చును. ఇట్లు పలుమాఱులు చేయవలసిన పనిని ఒకే పొడవైన గోపురములో నిరంతరముగా జరిపించుటయే అంశిక స్వేదనము. ధాన్యమును తూర్పారబట్టునపుడు ఒక్క గాలికి పొల్లంతయు పోదు గదా! మరల మరల ఎగురబోయవలయును. ఇదియు అట్టిదే.

విశాఖపట్నమున ఇట్టి గోపురములు కలవు. అచ్చటి చమురు శుద్ధి కర్మాగారమును 1957లో కాల్టెక్స్ సంస్థ ప్రారంభించినది. 1976లో ప్రభుత్వము స్వాధీనము చేసికొనగా, 1978లో హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలో విలీనమైనది. ముడిచమురును కొలిమిలో సుమారు 350 డిగ్రీల వఱకు కాచి గోపురము క్రిందిభాగమునకు పంపుదురు. గోపురపు అడుగున వేడిమి మెండు; పైకి పోను పోను తగ్గును. లోపల అంతస్తులుగా చిల్లుల పళ్లెములుండును. పైకెగయు ఆవిరి ప్రతి పళ్లెముపై నిలిచిన ద్రవము గుండ బుడబుడలాడుచు పోవును. బరువైన భాగము అచ్చటనే ద్రవమై ఆగును. తేలికయైనది పై అంతస్తునకు సాగును. పైనుండి జారు ద్రవము మరల వేడెక్కి తనలో మిగిలిన తేలిక భాగమును వదలును.

శిఖరమున వంటగ్యాసు, పెట్రోలు జాతివి చేరును. వాని క్రింద సుమారు 150 మొదలు 300 డిగ్రీల నడుమ మరుగు కిరసనాయిలు, ఇంకను క్రింద డీజిలు. అడుగున మిగిలిన మడ్డిని వేఱొక గోపురమున తక్కువ పీడనముతో విడదీయగా తుదకు తారు మిగులును.

గాలియు మిశ్రమమే. దానిని మిక్కిలి చల్లబఱచి ద్రవముగా మార్చి, ఇదే పద్ధతిని విడదీయుదురు. నత్రజని మైనస్ 196 డిగ్రీల వద్ద, ప్రాణవాయువు మైనస్ 183 డిగ్రీల వద్ద మరుగును. ఆ 13 డిగ్రీల భేదమే ఆధారము. 2021 ఏప్రిలులో కరోనా విజృంభించి ఆసుపత్రులలో ప్రాణవాయువు కొఱవడినపుడు, విశాఖ ఉక్కు కర్మాగారము నుండి ద్రవ ప్రాణవాయువును ట్యాంకర్లలో నింపి రైలుపై మహారాష్ట్రకు పంపిరి.

ఇక ముప్పు మాట. పెట్రోలు మన చలికాలమునందైనను నిప్పు తగిలిన అంటుకొనునంత ఆవిరిని విడుచును. మంచి కిరసనాయిలు 35 డిగ్రీలకు లోబడి అట్లు విడువదు. అందుచేతనే దీపమున వత్తి మండును గాని బుడ్డిలోని నూనె అంటుకొనదు. మందు చల్లు యంత్రమునకు తెచ్చిన పెట్రోలు డబ్బా అడుగున కొంత మిగిలియుండగా అందే కిరసనాయిలు పోయించుకొనువారు కలరు. కొంచెమే గదా యనుకొందురు. ఆ కొంచెమే చాలును. బుడ్డిలోని ఖాళీస్థలము మండు ఆవిరితో నిండి దీపము ప్రేలగలదు. పెట్రోలు డబ్బాను దానికే ప్రత్యేకించి, పేరు వ్రాసి యుంచవలయును. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు దినములు పెక్కు గనుక, కిరసనాయిలును సైతము నీడపట్టునే యుంచవలయును. వెలుగుచున్న దీపములో, స్టవ్వులో నూనె పోయరాదు. నూనె అంటుకొన్నచో నీరు చల్లరాదు. నూనె నీటిపై తేలి మంట నలుదిక్కుల ప్రాకును. ఇసుక గాని, తడిపి పిండిన గోనెపట్టా గాని కప్పవలయును.