అమ్మకానికి ఒక గది ఇల్లు
(ప్రసంగ పాఠం)



గృహహక్కు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. విషయం చాలా విశాలమైనది. నేను మాత్రం ఒక చిన్న ఇంటి గురించే చెబుతాను. ఉన్నది ఒకే గది. అందులోనే మంచం, అందులోనే వంటగట్టు, ఒక స్నానాలగది, ఒక మనిషి నిలబడగల బాల్కనీ. నగరంలో దీనిని స్టూడియో ఫ్లాట్ అంటున్నారు. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే వారికి, పెద్ద ఇల్లు కొనే శక్తి లేనివారికి, సొంత గూడు అనేది మొదలయ్యేది ఇక్కడే.

నా చెల్లెలి కూతురు హైదరాబాదులో గచ్చిబౌలి వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్లు హాస్టల్లో ఉండి, జీతంలో మిగిల్చి, తల్లి ఇచ్చిన నగలు అమ్మి కొంత సొమ్ము కూడబెట్టింది. ఆసుపత్రికి నడిచి వెళ్లగల దూరంలో ఒక స్టూడియో ఫ్లాట్ అమ్మకానికి ఉందని తెలిసి, "ఖాలా, మీరు కూడా రండి" అన్నది. వెళ్లాము. ఆమె డ్యూటీ ముగించుకుని నేరుగా యూనిఫాంలో వచ్చింది. నేను మామూలు చీరలో ఉన్నాను. ఐదో అంతస్తు, తూర్పు వైపు కిటికీ, మంచి గాలి. ధర కుదిరింది. బయానా ఎంత ఇవ్వాలన్న మాట కూడా వచ్చింది. రసీదు రాయడానికి ఏజెంటు పేరు అడిగాడు. అమ్మాయి పూర్తి పేరు చెప్పింది. అతని కలం ఆగిపోయింది. బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చి, "ఏమీ అనుకోకండమ్మా. ఓనరు గారికి అభ్యంతరం లేదు. అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు.

"నేను ఒక్కదాన్నే ఉంటాను. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతాను. ఎవరికి ఇబ్బంది?" అని ఆమె అడిగింది. అతని దగ్గర జవాబు లేదు.

సోదరులారా, ఇటువంటి అనుభవం లేని కుటుంబం ఈ సభలో ఎన్ని ఉంటాయో నాకు తెలియదు. మనం సాధారణంగా ఇంటికి వచ్చి బాధపడి ఊరుకుంటాము. ఈసారి నేను ఊరుకోలేదు. ఆ ఏజెంటు మాటలో నిజమెంత అని వెతికాను. వెతికితే తెలిసినది మీ ముందు ఉంచుతున్నాను.

మొదటి ప్రశ్న: ఎవరికి అమ్మాలో నిర్ణయించే అధికారం అసోసియేషనుకు ఉందా? మన అపార్టుమెంట్లకు వర్తించేది 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో కూడా కొనసాగుతున్నది. ఫ్లాటు కొన్నవారు దానికి యజమానులు. భూమిలో వారికి అవిభక్త వాటా ఉంటుంది. ఆ ఆస్తి వారసులకు సంక్రమిస్తుంది, ఇతరులకు అమ్ముకోవచ్చు. అసోసియేషన్ పని లిఫ్టు, నీళ్లు, కాపలా, మెయింటెనెన్స్ వసూలు. కొనేవారి మతాన్ని విచారించడం దాని పని కాదు. పైగా, ఆస్తిని ఎన్నడూ ఎవరికీ అమ్మరాదని కొన్నవారిపై పెట్టే సంపూర్ణ నిషేధం చెల్లదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదవ సెక్షను చెబుతున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2005లో అహమ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అసోసియేషన్ల వాళ్లు దీనిని ఉదహరించవచ్చు. అయితే అది సహకార సంఘపు ఉపనిబంధనలను అంగీకరించి చేరిన సభ్యుల వ్యవహారం. రిజిస్టరు చేసుకున్న దస్తావేజుతో ఫ్లాటు కొన్న యజమాని స్థితి వేరు. కాబట్టి "అసోసియేషన్ ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే, ఆ నిబంధన ఎక్కడ రాసి ఉందో చూపమని అడగండి. చాలాచోట్ల అటువంటి రాత ఉండదు, నోటిమాట మాత్రమే ఉంటుంది.

రెండో ప్రశ్న: బిల్డరు నేరుగా అమ్మే కొత్త ఫ్లాటు అయితే? ఇక్కడ మనకొక ఆధారం ఉన్నది. చాలామందికి దీని సంగతి తెలియదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, మనం రెరా అంటున్నది, ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలోగాని, ఎనిమిది మించిన ఫ్లాట్లతోగాని కట్టే ప్రాజెక్టు రిజిస్టరు కావాలి. రిజిస్ట్రేషనుకు బిల్డరు ప్రమాణపత్రం దాఖలు చేయాలి. కేంద్రం రూపొందించిన నియమాలలో ఆ ప్రమాణపత్రానికి ఫారం-బి అని పేరు. ఫ్లాట్ల కేటాయింపులో ఏ కారణం చేతనూ, ఏ కొనుగోలుదారు పట్లా వివక్ష చూపనని బిల్డరు అందులో ప్రమాణం చేస్తాడు. మీరు కొనదలచిన ప్రాజెక్టు ప్రమాణపత్రాన్ని రెరా వెబ్‌సైటులో వెతకండి. ఆ వాక్యం ఉన్నదో లేదో చూసి, కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. మాట తప్పితే బాధితులు ముప్పై ఒకటో సెక్షను కింద రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

కానీ నిజం దాచకూడదు. మా అమ్మాయి చూసినది ఒక వ్యక్తి తిరిగి అమ్ముతున్న పాత ఫ్లాటు. "మీ మతం వారికి అమ్మను" అని ఒక ప్రైవేటు యజమాని అంటే, అతన్ని నేరుగా పట్టుకునే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును ఇచ్చింది. 15వ అధికరణం మత వివక్షను నిషేధించింది. కానీ అందులో మొదటి భాగం ప్రభుత్వాన్ని ఉద్దేశించినది. రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, బావుల వంటి వాటిని పేర్కొన్నది, ఇంటి అమ్మకాన్ని పేర్కొనలేదు. ముస్లింలకు ఇళ్లు దొరకడం కష్టమవుతున్నదని 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది, సమాన అవకాశాల కమిషను కావాలని సిఫారసు చేసింది. 2008లో మాధవ మీనన్ నిపుణుల బృందం అందుకు ముసాయిదా బిల్లు కూడా రాసి ఇచ్చింది. ఆ బిల్లు చట్టం కాలేదు.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. అమెరికాలో ఒకప్పుడు నల్లజాతివారికి అమ్మరాదని దస్తావేజులలోనే రాసుకునేవారు. 1948లో అక్కడి సుప్రీంకోర్టు, అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదన్నది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే, జాతి, వర్ణం, మతం, పుట్టిన దేశం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. షికాగోలో స్థిరపడిన మన హైదరాబాదీ కుటుంబాలకు ఈనాడు ఆ చట్టం రక్షణగా ఉన్నది. అక్కడ ఒక కాండో కొనడానికి వెళ్లిన మన అబ్బాయికి ఉన్న రక్షణ, ఇక్కడ గచ్చిబౌలిలో మన అమ్మాయికి లేదు.

తలుపు మూసుకుంటే జరిగే నష్టం అవమానంతో ఆగదు. మంచి ప్రాంతాలలో దారి లేనప్పుడు మనవారంతా కొన్ని బస్తీలకే చేరుతారు. అక్కడ ఇళ్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. తొందరలో నోటరీ కాగితాల మీద కొంటారు. నోటరీ ముద్ర యాజమాన్యాన్ని ఇవ్వదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. నోటరీ కాగితాన్ని తనఖా పెట్టుకుని గృహరుణం ఇచ్చే బ్యాంకు దొరకడం కష్టం. రేపు వివాదం వస్తే మొత్తం పోతుంది. అందుచేత ఎంత చిన్న గది అయినా ఈసీ, అనుమతి ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అవిభక్త వాటా, కార్పెట్ ఏరియా చూడకుండా బయానా ఇవ్వకండి. రెరా ప్రాజెక్టులో ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పదిశాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు.

కార్యకర్తలకు నా విన్నపం ఒకటే. నిరాకరణలను నమోదు చేయండి. తేదీ, స్థలం, అన్న మాట, వచ్చిన సందేశం భద్రపరచండి. ఒక్క కుటుంబం బాధను కట్టుకథ అని తోసిపుచ్చవచ్చు. తేదీలతో సహా వంద కుటుంబాల సాక్ష్యాన్ని శాసనసభ్యుల ముందు, మైనారిటీ కమిషను ముందు ఉంచితే తోసిపుచ్చడం కష్టం.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మన యాజమాన్యంలో ఉన్న భవనాలలో మనమేమి చేస్తున్నాము? దళిత కుటుంబం వస్తే కులం అడగటం లేదా? ఒంటరి స్త్రీ వస్తే "భర్త ఎక్కడ" అని తలుపు మూయటం లేదా? మనం కోరే చట్టం మన గుమ్మానికి కూడా వర్తిస్తుంది. దానికి సిద్ధపడి అడిగినప్పుడే మన మాటకు బలం ఉంటుంది.

మా అమ్మాయి ఆ ఫ్లాటు కొనలేకపోయింది. తరువాత అదే ప్రాంతంలో కొత్తగా కడుతున్న ఒక భవనంలో గది చూసింది. ఈసారి బేరం మొదలుపెట్టకముందే తన పూర్తి పేరు చెప్పింది, ప్రమాణపత్రం నకలు బల్ల మీద పెట్టింది. అక్కడి ఉద్యోగి దానిని చదివి, "ఇలా ఉందని మాకూ తెలియదు మేడమ్" అన్నాడు. ఒప్పందం రిజిస్టరయింది. ఇల్లు ఇంకా కడుతున్నారు. ఆమె ఇప్పటికీ హాస్టల్లోనే ఉన్నది.

ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక, ఇల్లు వెతుకుతున్న మీ బంధువులలో ఒక్కరికైనా ఆ ప్రమాణపత్రం సంగతి చెప్పండి. అదే నా మనవి. సెలవు.